విశాఖలో కాపురం, బెజవాడలో కాపురం: రెండూ చేశాక

నాది బ్యాంకు ఉద్యోగం. హుద్‌హుద్ తుపానుకు ముందు నుంచీ కొన్నేళ్లు విశాఖ సీతమ్మధారలో అద్దెకున్నాం. తర్వాత బదిలీ మీద విజయవాడ పటమట వెళ్లాం. అక్కడ 2024 వరద కూడా చూసి, మళ్లీ విశాఖ వచ్చి ఇప్పుడు మధురవాడలో ఉంటున్నాం. బంధువుల్లో ఎవరికి ఈ రెండూళ్లలో ఒకదానికి బదిలీ అయినా, ఎవరు ఫ్లాటు కొందామనుకున్నా ఫోన్ నాకే వస్తుంది, "ఏ ఊరు బావుంటుందక్కా?" అని. నేను అనుకునేది ముందే చెప్పేస్తాను. పనులు చకచకా అవ్వాలంటే విజయవాడ. పని అయ్యాక కాస్త ఊపిరి పీల్చుకోవాలంటే విశాఖ. నా ఓటు విశాఖకే. అయితే బెజవాడకు రావాల్సినంత మంచి పేరు రాలేదని నా గట్టి నమ్మకం, అందుకే దాని గురించి ముందు చెబుతాను.

విజయవాడలో నాకు అన్నిటికన్నా నచ్చింది సూర్యారావుపేట. మా నాన్నగారికి షుగరు, మోకాళ్ల నొప్పులు. పొద్దున్నే పరగడుపున తీసుకెళ్లి రక్తం ఇప్పించి, సందు చివర ఇడ్లీ తినిపించి, డాక్టరు దగ్గర కూర్చునేసరికి రిపోర్టు వచ్చేసేది. ఎక్స్‌రే పక్క బిల్డింగులో, మందులు కింద షాపులో. ఎముకల డాక్టరు కళ్లు కూడా చూపించమంటే కళ్ల డాక్టరు నాలుగిళ్ల అవతలే. మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండేవాళ్లం. చుట్టుపక్కల జిల్లాల నుంచి బస్సు దిగి ఫైళ్లు పట్టుకుని నేరుగా అక్కడికే వచ్చే జనం రోజూ కనిపించేవారు. విశాఖలో వైద్యం తక్కువని కాదు. కేజీహెచ్ అనే పెద్ద ప్రభుత్వాసుపత్రి ఉత్తరాంధ్ర మొత్తానికీ దిక్కు, ఒడిశా నుంచి కూడా వస్తారు. ఆరిలోవ హెల్త్ సిటీలో పెద్ద ఆసుపత్రులు చాలా వరసగా ఉన్నాయి. కానీ గాజువాకలో ఉండేవాళ్లు ఆరిలోవ వెళ్లి చూపించుకుని రావాలంటే ఆ రోజు సెలవు పెట్టాల్సిందే.

రైళ్ల విషయంలో పోలికే లేదు. చెన్నై, హైదరాబాద్, హౌరా, ఢిల్లీ వైపు లైన్లన్నీ కలిసే జంక్షన్ విజయవాడ. రాత్రి అన్నం తిని స్టేషన్‌కు వెళ్లినా ఏదో ఒక బండి దొరుకుతుంది. హైదరాబాద్ రోడ్డు మీద అయిదు గంటలు. పొద్దున బయల్దేరి పెళ్లి భోజనం చేసి రాత్రికి ఇల్లు చేరిన రోజులున్నాయి. విశాఖ నుంచి హైదరాబాద్ ఆరువందల కిలోమీటర్ల పైమాటే. పైగా విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన బండి ఇంజను అటు మార్చుకుని వచ్చిన దారినే వెనక్కి వెళ్లాలి. అందుకే హౌరా, చెన్నై మధ్య తిరిగే కొన్ని రైళ్లు ఊళ్లోకి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. అర్ధరాత్రి పిల్లల్ని, పెట్టెల్ని వేసుకుని దువ్వాడలో దిగి ఆటో బేరమాడినవాళ్లకు ఆ తిప్పలు తెలుసు. 2023 జనవరిలో విశాఖ, సికింద్రాబాద్ మధ్య వందేభారత్ మొదలయ్యాక పగటి ప్రయాణం కొంత తేలికైంది.

బట్టలకు వన్‌టౌన్ వస్త్రలత, కూరగాయలకు పటమట రైతుబజార్, చిల్లర సామానుకు బీసెంట్ రోడ్డు. ఎండాకాలంలో నూజివీడు రసాలు. బండికి ఏ రిపేరొచ్చినా ఆటోనగర్. ఇంటి ఇల్లాలికి బెజవాడలో వెతుక్కోవాల్సిన అవసరం రాదు.

ఇన్ని ఉన్నా నాకు బెజవాడలో దొరకనిది సాయంత్రం. ఆఫీసు నుంచి వచ్చి, పిల్లల్నీ నాన్నగారినీ తీసుకుని ఖర్చు లేకుండా ఓ గంట ఎక్కడైనా కూర్చుందామంటే చోటు తోచేది కాదు. కృష్ణమ్మ ఊరి పక్కనే పారుతోంది. బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువ ఊరి మధ్యలోంచే వెళ్తున్నాయి. ఇంత నీరు చేతిలో ఉన్న ఊరు రాష్ట్రంలో ఇంకోటి ఉందా? అయినా కాలువ గట్టు మీద నడుద్దామంటే గుర్రపుడెక్క, చెత్త, ముక్కు మూసుకోవాల్సిన వాసన. 2016 పుష్కరాలకు ఘాట్లు బ్రహ్మాండంగా కట్టారు. కానీ వేసవిలో ఆ మెట్లు పొద్దుగూకేదాకా కాలుతూనే ఉంటాయి, నీడకు చెట్టు లేదు. చివరికి పిల్లలతో ఏ మాల్‌కో, హోటల్‌కో వెళ్లేవాళ్లం, వెళ్లిన ప్రతిసారీ జేబుకు చిల్లే. ఈ మాట కోపంతో అనడం లేదు, బాధతో అంటున్నాను. ఆ మూడు కాలువల గట్లు శుభ్రం చేసి వరసగా చెట్లు నాటి, నడవడానికి దారి వేస్తే బెజవాడ ముందు విశాఖ కూడా చిన్నబోతుంది.

విశాఖలో అదే గంట ఎలా గడుస్తుందో చూడండి. పొద్దున్నే కొంతసేపు బీచ్ రోడ్డులో బండ్లను ఆపేస్తారు. ఆ వెడల్పాటి రోడ్డంతా నడిచేవాళ్లదే. కర్ర పట్టుకుని నడిచే మా నాన్నగారికి వెనక నుంచి హారన్ కొట్టేవాళ్లుండరు. కురుసుర జలాంతర్గామి దాకా నడిచి, అరుగు మీద కూర్చుని, తోటి పెద్దవాళ్లతో కాసేపు మాట్లాడి వస్తారు. పటమటలో ఉన్నన్నాళ్లూ ఆయన నడక మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో కార్ల మధ్యనే. సాయంత్రాలు పిల్లలు ఇసుకలో ఆడుకుంటారు, ఓ మురీ మిక్చర్ పొట్లం కొంటే నలుగురికీ కాలక్షేపం. ఆదివారం ఇంకాస్త దూరం పోదామంటే రుషికొండ, భీమిలి. ఒక్క హెచ్చరిక: ఆర్కే బీచ్‌లో అలలు లోపలికి లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి. పిల్లల్ని పాదాలు తడిసే చోటు దాటనివ్వకండి.

అయితే ఆ సముద్రమే ఇంట్లో ఇనుముకు శత్రువు. సీతమ్మధారలో మా బాల్కనీ గ్రిల్‌కు ఉగాది ముందు రంగు వేయిస్తే వానాకాలం వచ్చేసరికి అక్కడక్కడా బొబ్బల్లా లేచేది. గోటితో గీరితే పెచ్చు ఊడి, కింద ఎర్రటి పొడి. వీధి తలుపు గడియ బిగుసుకుపోయి కొబ్బరినూనె పోస్తే గానీ కదిలేది కాదు. ఏసీ బయట పెట్టే భాగం, స్కూటర్ సైలెన్సర్ బెజవాడలో ఉన్నన్నాళ్లు ఇక్కడ రావు. డబ్బాలో ఉప్పు నీరు కారుతుంది. ఎండ బెజవాడంత ఉండదు, చెమట మాత్రం స్నానం చేసి బయటికొచ్చేలోపే పట్టేస్తుంది. బెజవాడ మే నెల సంగతి వేరు. చుట్టూ కొండలు, రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి వేస్తే వెచ్చగా తగులుతుంది. ఉతికిన చీర మాత్రం అరగంటలో ఫెళఫెళలాడుతుంది. ఒళ్లు మాడే ఎండకన్నా ఈ చెమటే నయమని నా అభిప్రాయం. మా వారు ఒప్పుకోరు.

నీళ్ల దగ్గర విశాఖ వెనకబడుతుంది. ఏలేరు, రైవాడ, తాటిపూడి, మేఘాద్రిగెడ్డ నుంచి ఊరికి నీళ్లు తేవాలి. వేసవిలో మధురవాడ వైపు అపార్ట్‌మెంట్లకు ట్యాంకర్లు తప్పవు, ఆ ఖర్చు మెయింటెనెన్స్‌లో పడుతుంది. పటమటలో నీళ్ల గురించి నేను ఏనాడూ టెన్షన్ పడలేదు. గాలి సంగతి కూడా చూసుకోవాలి. మల్కాపురం, పాతనగరం వైపు పొద్దున తుడిచిన కిటికీ మీద సాయంత్రానికి నల్లటి పొర పడుతుంది. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషవాయువు లీకై ప్రాణాలు పోయాక, ఫ్యాక్టరీల పక్కన ఇల్లు చూసిపెట్టమని నన్నెవరూ అడగలేదు.

రెండూళ్లలోనూ పెద్ద విపత్తు చూశాను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో తప్పించుకున్న వీధి లేదు. తెల్లారి చూస్తే పచ్చగా ఉండాల్సిన కైలాసగిరి బోడిగా ఉంది. రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాల ప్యాకెట్టుకు క్యూ. అందరిదీ ఒకే పరిస్థితి కావడంతో మెట్ల మీద కూర్చుని ఉన్న కొవ్వొత్తులు పంచుకున్నాం. బెజవాడ వరద అలా కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు నీళ్లు సింగ్‌నగర్‌ను ముంచేస్తే, పటమటలో మాకు కరెంటు ఉంది, టీవీ నడుస్తోంది. ఆ టీవీలోనే మా పిన్ని వాళ్ల వీధి చూశాం. వాళ్లు పైఅంతస్తులో చిక్కుకున్నారు, కింద వాటా మొత్తం నీళ్లలో ఉంది. డ్రోన్ మీద వచ్చిన ఆహారం పొట్లం మేడ మీద అందుకున్నామని తర్వాత చెప్పింది పిన్ని. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటినా కృష్ణలంకను నది ఒడ్డున కట్టిన రిటైనింగ్ వాల్ కాపాడింది. నది దగ్గరి కాలనీ నిలబడింది, వాగు వైపు కాలనీలు మునిగాయి. నీళ్లు తీశాక బీరువా తెరిస్తే పెళ్లి చీరలన్నీ బురద ముద్దలు. పిన్ని వాటిని ఒక్కొక్కటీ మేడ మీద ఉతుకుతుంటే పక్కన నిలబడి నీళ్లు పోయడం తప్ప నేను చెయ్యగలిగిందేమీ లేదు.

రాజధాని మాటలతో రెండూళ్లూ ఊగాయి. 2015లో అమరావతి శంకుస్థాపన తర్వాత విజయవాడ చుట్టూ, మూడు రాజధానుల మాట వచ్చాక విశాఖలో, ఇప్పుడు మళ్లీ రెండు చోట్లా స్థలాల వాళ్ల ఫోన్లు. 2025లో గూగుల్ డేటా సెంటర్ ప్రకటన వచ్చాక మా మధురవాడలో ఇంటి ఓనర్ల మాట తీరే మారిపోయింది. ఉండటానికి ఇల్లు వెతుక్కునేవాళ్లు ఇవేవీ లెక్కలోకి తీసుకోవద్దు.

పిల్లల చదువు గురించి ఒక్క ముక్క. ఇంటర్, ఎంట్రెన్స్ కోచింగ్ అంటే పోరంకి, గూడవల్లి వైపు హాస్టళ్లే హాస్టళ్లు, ఆ పోటీ వాతావరణం కావాలనుకునేవాళ్లకు బెజవాడ. మా చిన్నదానికి నేను అది కోరుకోలేదు. విశాఖలో నేవీ, పోర్టు, స్టీల్‌ప్లాంటు కుటుంబాల పిల్లలతో కలిసి చదువుతుంటే దానికి హిందీ తనంతట తనే వచ్చేసింది.

ఇల్లు చూసుకునేవాళ్లు ఇవి గుర్తుపెట్టుకోండి. విజయవాడలో అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం వైపు అద్దె తక్కువని చెబితే, ఓనరును కాదు, ఎదురింటివాళ్లను అడగండి, 2024లో నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయని. వాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. కింద వాటా మాత్రం వద్దు. పటమట, కానూరు నా అనుభవంలో నిశ్చింతగా ఉన్నాయి, సాయంత్రం బెంజ్ సర్కిల్ దాటే ఓపిక ఉండాలి. విశాఖలో పెద్దవాళ్లుంటే ఎంవీపీ కాలనీ లేదా సీతమ్మధార, అద్దె ఎక్కువైనా సరే. ఐటీ ఉద్యోగమైతే మధురవాడ, కానీ అడ్వాన్సు ఇచ్చే ముందు ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ బిల్లులు అడిగి చూడండి. ట్యాంకర్ల లెక్క అందులోనే తెలుస్తుంది. కొనేవాళ్లయితే అడవివరం, వేపగుంట లాంటి సింహాచలం పంచగ్రామాల్లో లాయరుకు కాగితాలు చూపించకుండా రూపాయి కూడా ఇవ్వొద్దు. ఆ భూముల వివాదం ఏళ్ల తరబడి నడుస్తోంది, ఇల్లు కట్టుకుని కూడా రిజిస్ట్రేషన్ కోసం తిరుగుతున్నవాళ్లు మా బ్యాంకుకే లోన్ల కోసం వస్తుంటారు, మేం ఇవ్వలేం.