మేపుల్ పాకం, సంచి పాలు, డబుల్ డబుల్: కెనడాలో నాలుగు ఊళ్లు

మా నాన్నగారికి అనకాపల్లి దగ్గర చెరకు తోట ఉండేది. గానుగ ఆడే రోజుల్లో పిల్లలమంతా బెల్లప్పెనం చుట్టూ చేరేవాళ్లం. రసం మరుగుతుంటే తెట్టు తీసే మనిషి గరిటె పైకెత్తి పాకం ఎలా జారుతోందో చూసేవాడు. మేం అతని గరిటెనే చూసేవాళ్లం. అరవై ఏళ్లు దాటాక, మాంట్రియల్ ఊరి బయట మంచులో కట్టిన ఒక చెక్కల పాకలో అడుగుపెట్టగానే అదే ఆవిరి ముఖానికి తగిలింది. అక్కడ మరుగుతున్నది మేపుల్ చెట్టు రసం. ఈ ప్రయాణంలో నాకు అన్నిటికన్నా గుర్తుండిపోయింది ఆ పూటే. దాని గురించి తర్వాత చెప్తాను, ముందు దారి సంగతి.

మా అబ్బాయి టొరంటో పక్కనున్న మిసిసాగాలో ఉంటాడు. మార్చి మధ్యలో మనవరాలికి బడి సెలవుల వారం వచ్చింది. టొరంటో నుంచి ఆటవా, అక్కడినుంచి మాంట్రియల్, చివరికి క్యుబెక్ సిటీ, ఇలా రైల్లో వెళ్లొచ్చాం. మా వారు, నేను శాకాహారులం, కేకులో ఉండే గుడ్డు వరకు పట్టించుకోం. మనవరాలికి తొమ్మిదేళ్లు, బడిలో ఫ్రెంచి నేర్చుకుంటోంది. సగం దేశానికి మాకు అదే దుబాసీ.

కెనడాలో ఏదైనా తినాలంటే ముందు దాని పేరు తెలియాలి. ఇది మొదటిరోజే తెలిసింది. ఏ వీధి మలుపులో చూసినా టిమ్ హోర్టన్స్ కాఫీ కొట్టు ఉంటుంది. టిమ్ హోర్టన్ ఒక ఐస్ హాకీ ఆటగాడు, 1964లో హామిల్టన్‌లో మొదటి కొట్టు పెట్టాడు. అక్కడ పాలు, పంచదార అని విడివిడిగా ఎవరూ అడగరు. ‘డబుల్ డబుల్’ అంటే చాలు, రెండు క్రీములు, రెండు పంచదారలు వేసిన కాఫీ చేతికొస్తుంది. ఫిల్టర్ కాఫీకి అలవాటుపడ్డ నోటికి అది పలచగానే ఉంటుంది, కానీ ఆ చలిలో రెండు చేతులతో పట్టుకుని తాగుతుంటే ప్రాణానికి హాయిగా ఉంది. దాంతోపాటు టిమ్‌బిట్స్ తీసుకోండి. అవి డోనట్ పిండితో చేసే చిన్న ఉండలు, పునుగుల సైజులో ఉంటాయి. డోనట్లు కొనేటప్పుడు ఇంకో సంగతి. ఆరుకు తక్కువ కొంటే పన్ను పడుతుంది, ఆరు గానీ అంతకన్నా ఎక్కువ గానీ కొంటే పడదు. ఆరైతే ఇంటికి తీసుకెళ్లే సరుకు కింద లెక్క. మిగతా వాటిలో చాలావాటికి మాత్రం కౌంటరు దగ్గర పన్ను కలుస్తుంది, అట్ట మీద రాసిన ధర చూసి డబ్బు లెక్కపెట్టుకుంటే చాలదు. టొరంటో, ఆటవా ఉండే ఒంటారియో రాష్ట్రంలో అది 13 శాతం.

మా కోడలి వంటింట్లో ఫ్రిజ్ తెరిస్తే మన ఇల్లే గుర్తొచ్చింది. అక్కడ పాలు సంచుల్లో వస్తాయి! ఒక పెద్ద సంచిలో మూడు చిన్నవి, మొత్తం నాలుగు లీటర్లు. చిన్న సంచిని ప్లాస్టిక్ జగ్గులో నిలబెట్టి, మూల కత్తిరించి, అలాగే వంచుకుంటారు. కాచరు, కాచాల్సిన పనీ లేదు. తోడు పెట్టుకోవాలంటే 3.25 శాతం వెన్న ఉన్నవి తీసుకోండి, అక్కడివాళ్లు వాటిని ‘హోమో’ పాలంటారు. పెరుగు గట్టిగా తోడుకుంది, చలికి రాత్రంతా పట్టింది అంతే. కరెంటు బిల్లుకి అక్కడ పేరు ‘హైడ్రో’. అబ్బాయి హైడ్రో కట్టాలి అంటుంటే మా వారు నీళ్ల బిల్లనుకున్నారు. నయాగరా లాంటి జలపాతాల నుంచి కరెంటు తీసిన రోజుల నుంచి ఆ మాట నిలిచిపోయింది.

అక్షరాల చివరిదాన్ని వాళ్లూ మనలాగే ‘జెడ్’ అంటారు, పక్కనున్న అమెరికా వాళ్లలా ‘జీ’ అనరు. ఉన్ని టోపీ ‘టూక్’. డాలరు నాణెం మీద లూన్ అనే నీటిపక్షి ఉంటుంది కాబట్టి అది ‘లూనీ’, 1987లో వచ్చింది. దాని వరస కలుపుతూ 1996లో వచ్చిన రెండు డాలర్ల నాణేన్ని ‘టూనీ’ అన్నారు. ఇక అందరూ చెప్పుకునే ‘ఏ’. వాక్యం చివర వచ్చే ఆ చిన్న దీర్ఘాన్ని నేను రోజూ చెవి పెట్టి విన్నాను. మనవరాలు కిటికీలోంచి చూస్తూ “కోల్డ్ టుడే, ఏ?” అంటే నాకు “చలిగా ఉంది కదా” అన్నట్టే వినిపించింది. ఎదుటి మనిషిని మాటలోకి పిలిచే ముక్క అది. మన ‘కదా’ ఏ పని చేస్తుందో అదీ అదే చేస్తుంది.

పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇంకొకటి. అక్కడ ‘స్మార్టీస్’ అంటే మన జెమ్స్ లాంటి రంగుల చాక్లెట్ బిళ్లలు. అమెరికాలో అదే పేరుతో అమ్మే పుల్లటి పంచదార బిళ్లల్ని కెనడాలో ‘రాకెట్స్’ అంటారు. బంకలా సాగే మిఠాయిల్లో, మార్ష్‌మాలోల్లో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, పట్టింపు ఉన్నవాళ్లు పొట్లం వెనక చదువుకోవాలి. అక్కడ ప్రతి పొట్లం మీదా ఇంగ్లీషు, ఫ్రెంచి రెండూ ఉంటాయి.

ఒంటారియోకి సొంత తీపి బటర్ టార్ట్. చిన్న గిన్నెలా మడిచిన పిండిలో వెన్న, పంచదార, గుడ్డు కలిపి కాల్చింది. నడుమ పాకం కారుతూ ఉండాలా, గట్టిపడాలా, కిస్మిస్ వేయాలా వద్దా అని ఇంటింటా వాదనే. నాకు కారేదే నచ్చింది, కిస్మిస్‌తోనే. పైపొరలో కొందరు పంది కొవ్వు వాడతారు, అడిగి తినాలి. పడమటి తీరంలో నానైమో ఊరి పేరు పెట్టుకున్న నానైమో బార్ కూడా ఒంటారియోలోనే తిన్నాం. కింద బిస్కట్ పొడి, మధ్యలో కస్టర్డ్ క్రీము, పైన చాక్లెట్. ఒక్క ముక్కకి మించి తినలేకపోయాను, మరీ మొహం మొత్తే తీపి.

ఆటవాకి రైలు నాలుగున్నర గంటలు. సీట్లు విశాలం, మరుగుదొడ్డి శుభ్రం, పెద్దవాళ్లకి కారు కన్నా ఇదే నయం. బైవార్డ్ మార్కెట్టుకి నడిచి వెళ్లేంత దూరంలో మామూలు హోటల్లో దిగాం. గదిలో కెటిల్, చిన్న ఫ్రిజ్ ఉన్నాయి, అన్నిటికన్నా అక్కరకొచ్చింది అవే. ఆ మార్కెట్టులోనే 1980 నుంచి బీవర్‌టెయిల్స్ అమ్ముతున్నారు. పిండిని బీవర్ అనే నీటి జంతువు తోకలా పొడుగ్గా సాగదీసి, నూనెలో వేయించి, పంచదార, దాల్చినచెక్క పొడి చల్లి ఇస్తారు. వేడిగా తింటే అద్భుతం, చల్లారితే సాగుతుంది. నిమ్మకాయ పిండించుకోండి, తీపి విరుగుతుంది. రిడో కాలువ మీద 7.8 కిలోమీటర్లు స్కేటింగ్ చేస్తారని విని వెళ్లాం గానీ మేం వెళ్లేసరికి మంచుగడ్డ కరగడం మొదలై మూసేశారు. దానికోసమైతే జనవరి, ఫిబ్రవరిలో వెళ్లాలి.

మాంట్రియల్‌లో బస మాకు కుదరలేదు. ప్లాటో పేటలో ఒక అద్దె ఫ్లాటు తీసుకున్నాం. ఆ పేట ఇళ్లకి మెట్లు బయటే ఉంటాయి, ఇనపవి, మెలికలు తిరిగి వీధిలోకి దిగుతాయి. చూడ్డానికి ఎంత బాగుంటాయో! కానీ వాటిమీద రాత్రి కురిసిన మంచు గడ్డకట్టింది. మా వారి మోకాళ్లకి రోజుకి రెండుసార్లు ఎక్కడం దిగడం గండమైంది. ప్రకటనలో ఇంటి లోపలి ఫోటోలన్నీ పెట్టి మెట్ల ఫోటో ఒక్కటీ పెట్టలేదు. మెసేజ్ పెడితే సాయంత్రానికి ఉప్పు తెచ్చి చల్లారు గానీ అంతలోపు ఒక పూట గదిలోనే గడిచిపోయింది. పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లు మెట్ల గురించి ముందే అడగండి.

ఆ ఊళ్లో కొట్లోకి వెళితే “బొంజూర్, హాయ్” అని రెండు భాషల్లో పలకరిస్తారు, మనం ఏ భాషలో బదులిస్తే అందులో సాగుతుంది. వీధి చివర కిరాణా కొట్టు ‘దెపానర్’. బేగెల్, అంటే గారెలా నడుమ చిల్లున్న రొట్టె, దానికోసం సాంవియాటర్ వీధికి పొద్దున్నే వెళ్లాం. తేనె కలిపిన నీళ్లలో ఉడికించి, కట్టెల పొయ్యిలో కాలుస్తారు. నువ్వులు అద్దినది పొయ్యిలోంచి తీసిందే చేతిలో పెట్టారు. దానికి ఇంకేమీ అక్కర్లేదు, నడుస్తూ తినేశాం.

పుటీన్ దగ్గర మాత్రం మోసపోయాం. వేయించిన బంగాళాదుంప ముక్కల మీద తాజా చీజ్ ముక్కలు, వాటిమీద వేడి గ్రేవీ, ఇదీ పుటీన్. 1950ల చివర్లో, మాంట్రియల్ ఉండే క్యుబెక్ రాష్ట్రపు పల్లెల్లో పుట్టింది. చీజ్ తాజాదైతే పంటి కింద కీచుమంటుంది. మేం వెళ్లిన చోట వెజిటేరియనా అని రెండుసార్లు అడిగాం, అవునన్నారు. సగం తిన్నాక అబ్బాయి రుచి చూసి, అది గొడ్డు మాంసం గ్రేవీ అన్నాడు. అడిగిన వాళ్లకి నిజం చెప్పకపోవడం చాలా బాధ పెట్టింది. “మాంసం ఉందా” అని కాదు, “గ్రేవీ దేనితో కాచారు” అని అడగాలి. శాకాహారపు గ్రేవీ పోసే చోట్లు ఆ ఊళ్లో ఉన్నాయి. మర్నాడు ఒకచోట తిన్నాం, నిజంగా బాగుంది.

ఇక చక్కెర పాక. ఫ్రెంచిలో ‘కబాన్ ఆ సూక్ర్’. మాంట్రియల్ నుంచి కార్లో గంట దూరం. రాత్రి నీరు గడ్డకట్టే చలి, పగలు కాస్త ఎండ ఉండే ఈ కొద్ది వారాల్లోనే చెట్టు రసం కారుతుంది. మన తాటిచెట్టుకి గెల కోసి కుండ కడతారు. వీళ్లు కాండానికి చిన్న బెజ్జం వేసి గొట్టం దిగ్గొడతారు. వెనకటి రోజుల్లో బకెట్లు తగిలించేవారట, ఇప్పుడు చెట్టు నుంచి చెట్టుకి ప్లాస్టిక్ గొట్టాలు పరుచుకుని ఉన్నాయి. యూరప్ వాళ్లు రాకముందే అక్కడి ఆదివాసులకి ఈ పని తెలుసు. రసం నాకు కొంచెం పోసిచ్చారు. నీళ్లలాగే ఉంది, చివర్న సన్నటి తీపి. అలాంటి రసం దాదాపు 40 లీటర్లు మరిగిస్తే ఒక్క లీటరు పాకం. ఇది విన్నాక దాని ధర ఎక్కువని నాకనిపించలేదు.

భోజనం బల్లలు పొడుగ్గా ఉన్నాయి, పాకం కూజాలతో పెట్టారు. బఠాణీ సూప్, చిక్కుడుగింజలు, రెండిట్లోనూ పంది మాంసం పడుతుంది. మాకు మిగిలినవి ఉడికించిన దుంపలు, రొట్టె, పాన్‌కేకులు. ఫోన్‌లో ముందే చెప్పడం వల్ల మా గింజలు విడిగా వండి పెట్టారు. ఆ మర్యాద మరచిపోలేం.

భోజనం తర్వాత బయట చెక్క తొట్టిలో తెల్లటి మంచు గట్టిగా నొక్కి పరిచారు. ఇంకా ముదరబెట్టిన పాకాన్ని దానిమీద గీతల్లా పోశారు. మంచు తగలగానే అది సాగే ముద్దైంది, పుల్లతో చుట్టుకుని తినాలి. అరిసెలు వండేటప్పుడు నీళ్ల గిన్నెలో పాకం చుక్క వేసి, వేళ్లతో ఉండ చేసి చూస్తాం చూడండి, అచ్చం అదే. మా అమ్మ ఆ ఉండని నా నోట్లో పెట్టేది. అక్కడ పోసే ఆవిడకి మనవరాలి చేత ఈ మాట చెప్పించాను. ఆవిడ ఇంకో గీత నాకోసం పోసింది.

క్యుబెక్ సిటీకి రైలు మూడు గంటల పైచిలుకు. పాత ఊరు కోటగోడల నడుమ కొండమీద ఉంటుంది. ఎగువ ఊళ్లోనే గది తీసుకోండి, దిగువకి వెళ్లి రావడానికి 1879 నుంచి నడుస్తున్న ఫ్యునిక్యులర్, అంటే కొండవాలు మీద తాడుతో లాగే బండి, ఉంది. ఇక్కడ ఫ్రెంచి ఇంకా గట్టిగా వినిపిస్తుంది. ఆగమని చెప్పే బోర్డు మీద ‘అరే’ అని రాసి ఉంటుంది, ఫ్రాన్సులోనేమో ‘స్టాప్’ అనే ఉంటుంది. కేఎఫ్‌సీ ఇక్కడ ‘పీఎఫ్‌కే’. ‘దినే’ అంటే మధ్యాహ్న భోజనం, రాత్రిది ‘సూపే’. బల్ల రిజర్వు చేసేటప్పుడు పేరుతో పాటు గంట కూడా చెప్పండి. పంచదారతో చేసే ‘పై’ అనే తీపి వంటకం, ఫ్రెంచిలో ‘తార్త్ ఓ సూక్ర్’, ఇక్కడ తిన్నదే నాకు బాగా నచ్చింది, మన పూర్ణం తిన్నట్టుంది.

పాకం కొనాలంటే విమానాశ్రయంలో కొనకండి. మామూలు కిరాణా కొట్లలో 540 మిల్లీలీటర్ల రేకు డబ్బాలు దొరుకుతాయి, ముదురు రంగుది తీసుకుంటే రుచి గాఢంగా ఉంటుంది. చేతి సంచిలో ఒప్పుకోరు, పెద్ద సూట్‌కేసులో పెట్టాలి. నేను మూడు డబ్బాలు తెచ్చాను. ఒకటి తెరిచి, వేడి గారెలు అందులో ముంచి పాకం గారెలు చేశాను. మిగిలింది సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాను, బయట ఉంచితే బూజు పడుతుంది.