నోకియా 1100: ఇరవయ్యేళ్ల వాడకం తర్వాత

2004లో ఖమ్మంలో కొన్న నోకియా 1100 ఇప్పటికీ నా దగ్గర పనిచేస్తూనే ఉంది. పాత ఫోన్లను పోగుచేసేవారు ఎక్కువవుతున్న ఈ రోజుల్లో దీనికి మున్ముందు విలువ వస్తుందా అని అడిగేవారి కోసం ఈ అనుభవం రాస్తున్నాను.

86 గ్రాముల ఈ ఫోనులో మీటలన్నిటినీ కప్పుతూ ఒకే రబ్బరు పొర ఉండటం వల్ల పొలం దుమ్ము లోపలికి పోయేది కాదు. మోటార్లకు కరెంటు అర్ధరాత్రి ఇచ్చే ఆ కాలంలో, సి మీట నొక్కితే వెలిగే టార్చి మా నాన్నగారికి మాటల కంటే ఎక్కువగా అక్కరకు వచ్చింది; నిజానికి ఆయన దీన్ని ఫోను అమర్చిన టార్చిలైటుగానే చూసేవారు. లోపం చెప్పాలంటే, ఫోను మెమరీలో 50 పేర్లకే చోటుండటంతో మిగిలినవన్నీ సిమ్ములో దాచుకోవలసి వచ్చేది.

ఇన్నేళ్లు నిలవడానికి అసలు కారణం బీఎల్-5సీ బ్యాటరీ. చిన్న ఎఫ్ఎం రేడియోలూ స్పీకర్లూ అదే బ్యాటరీతో నడుస్తాయి కనుక అది నేటికీ దొరుకుతోంది, అయితే చౌకగా వచ్చిందని నేను కొన్న ఒకటి ఏడాది తిరగకుండానే ఉబ్బి వెనక మూతను పైకి నెట్టింది. వాడకుండా దాచిపెట్టేవారు బ్యాటరీని తప్పనిసరిగా బయటికి తీసి ఉంచాలి. లావు పిన్ను ఛార్జరును కూడా పారవేయవద్దు.

ఇక విలువ సంగతి. 2003లో విడుదలైన ఈ మోడల్ ప్రపంచవ్యాప్తంగా దాదాపు 25 కోట్లు అమ్ముడైంది కాబట్టి, ఉత్త ఫోనుకు అరుదు అనే మాట వర్తించదు. జర్మనీలోని బోఖుమ్‌లో తయారైన వాటికి వేల యూరోలు పలుకుతున్నాయని 2009లో వచ్చిన వార్తలను చూసి ఆశపడటం కూడా అనవసరం. బ్యాంకు మోసాలకు పనికొస్తాయన్న ప్రచారం పుట్టించిన వింత గిరాకీ అది. నా దృష్టిలో అరుదైనది కంపెనీ నుంచి వచ్చిన ప్యానెలుతో, అంటే అసలు పై తొడుగుతో, మిగిలిన ఫోను. ప్యానెలు కాస్త అరిగితే చాలు, సెల్‌ఫోన్ దుకాణానికి వెళ్లి కొద్దిపాటి డబ్బుతో రంగురంగుల నకిలీది వేయించుకోవడం మనందరం చేసిన పనే, పాతది అక్కడే చెత్తబుట్టలో పడిపోయేది. అందువల్ల కొనేవారు ముందుగా ప్యానెలు చూడాలి. ఆ తర్వాత *#06# నొక్కితే తెర మీద కనిపించే ఐఎంఈఐ అంకె (ఒక్కో ఫోనుకు వేరుగా ఉండే గుర్తింపు సంఖ్య), బ్యాటరీ కింది చీటీ మీది అంకె, అట్టపెట్టె మీది అంకె మూడూ ఒకటేనా అని సరిచూసుకోవాలి.

నా ఫోనులో ఆ మూడూ సరిపోయాయి. ప్యానెలు మాత్రం 2007లో వేయించిన ఎర్ర నకిలీది. అట్టపెట్టెలో మా అమ్మగారు సూదులూ దారపుండలూ పెట్టుకున్నారు, దాన్ని ఇప్పట్లో తిరిగి ఇచ్చేలా లేరు.