పలాస జీడిపప్పు: 320 గుండు కొనాలా, మానేయాలా?

ఇంటి వాడకానికి పలాస–కాశీబుగ్గ దుకాణాల్లో లూజుగా దొరికే 320 గుండు (విరగని పప్పు) చాలు. 320 అంటే పౌనుకి (సుమారు 454 గ్రాములకి) 300 నుంచి 320 గుళ్లు. పావుకిలో తూయించి లెక్కపెడితే 165–176 రావాలి. 190 దాటితే చిన్న రకం కలిపారన్నమాట. 240 రకమైతే పావుకిలోకి 121–132 తూగుతాయి. మిఠాయి మీద అద్దడానికి తప్ప దానికి పెట్టే అదనపు డబ్బు దండగ. గ్రేవీకైతే బద్ద సరిపోతుంది.

కొనేముందు ఒక గుండు విరిచి చూడండి. టక్కున విరగాలి. మెత్తగా తెగితే తేమ 5 శాతం దాటినట్టే, వేసవిలో త్వరగా ముక్కవాసన పడుతుంది. కటింగ్ (పిక్క పెంకు కోసి పప్పు తీయడం) అయ్యాక బోర్మాలో, అంటే వేడిగాలి గదిలో, సుమారు 70 డిగ్రీల దగ్గర ఆరేడు గంటలు ఆరితేనే పొట్టు వదులవుతుంది. ఆరకపోతే పొట్టు అతుక్కుని, కత్తితో గీరిన గాట్లు కనిపిస్తాయి. ఎక్కువ ఆరితే పప్పు ఎర్రబారుతుంది. రుచి పెద్దగా చెడదు గానీ ధర తగ్గించి అడగండి. గోధుమరంగు మరకలుండి నాలుక చిమచిమలాడితే జీడి (పెంకులోని ఘాటు నూనె) తగిలిన సరుకు, వద్దు. కటింగ్ చేసేవాళ్ల వేళ్ల చర్మాన్ని తినేసేదీ ఆ జీడే.

పిల్లలతో పని చేయించిన సరుకేమోనని జీడిపప్పు కొనడమే మానేస్తామనే వాళ్లున్నారు. వాళ్ల బాధ న్యాయమైనదే. కానీ దెబ్బ ఎవరికి తగులుతుందో చూడాలి. ఉజ్బెకిస్తాన్‌లో జనాన్ని, ఒకప్పుడు బడిపిల్లల్ని కూడా, పత్తి ఏరడానికి తోలింది ప్రభుత్వమే. పెద్ద బ్రాండ్లు ఆ పత్తి వద్దనేసరికి దిగొచ్చింది, 2022 మార్చిలో బహిష్కరణ ఎత్తేశారు. బంగ్లాదేశ్‌లో అలా జరగలేదు. 1990ల మొదట్లో అమెరికా దిగుమతి నిషేధం బిల్లుకి భయపడి బట్టల ఫ్యాక్టరీలు వేలమంది పిల్లల్ని తీసేస్తే, బడికి కాక రాళ్లు కొట్టే పనికి పోయినవాళ్లున్నారు.

జీడిపప్పుది ఈ రెండో దారే. పీలింగ్ (పప్పు మీది పొట్టు ఒలవడం) కూలి కిలోల లెక్క. రేటు చాలకపోతే ఇంట్లో ఇంకో జత చేతులు తోడవ్వాల్సిందే, గిరాకీ పడిపోతే వ్యాపారి ముందు కోసేదేమో ఆ రేటునే. అటు ఉద్దానం (పలాస చుట్టూ ఉన్న తోటల ప్రాంతం) రైతు తోట కొట్టేయలేడు. 2018 తిత్లీ తుపానుకి కూలిన చెట్ల చోట నాటిన మొక్క కాపుకి రావాలంటేనే మూడు నాలుగేళ్లు. జీడి బట్టీలకి ఆఫ్రికా పిక్క కూడా దిగుతుంది కాబట్టి ధర దగ్గర అతని మాట అసలే చెల్లదు. పిక్క ధర పడిపోతే కూలీల్ని మానిపిస్తాడు, మార్చి నుంచి మే దాకా చెట్టు కింద రాలిన పిక్కల్ని ఇంటిల్లిపాదీ ఏరుకోవాలి.

అందుకని కొనండి, అడిగి కొనండి. పీలింగ్ యూనిట్‌లోనే చేయించారా, ఇళ్లకి పంపారా, మెషిన్ మీదా? బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలో పెట్టుకున్నా నేరమే. బడి అయ్యాక, ప్రమాదకరం కాని సొంత కుటుంబ పనిలో సాయపడటానికి మినహాయింపు ఉంది, ఇళ్లకి వెళ్లే సరుకు దాని చాటున తప్పించుకోగలదు. ప్యాకెట్ మీద ఇవేవీ రాయరు. ఎక్కడ ఒలిపించారో చూపించగల యూనిట్ కిలోకి కొంత ఎక్కువ అడిగినా అక్కడే తీసుకోండి. ఎక్కడైనా పిల్లలు పనిలో కనిపిస్తే పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేయండి. అప్పుడు విచారణ ఆ ఒక్క యూనిట్ మీదే పడుతుంది, మిగతా ఊరి కూలి రేటు జోలికి పోదు.