వంద కోట్ల ఏడా, 998244353నా? మాడ్‌గా ఏది మేలు?

కోడింగ్ పోటీల్లో జవాబు మరీ పెద్దదైతే 1000000007తో భాగించి శేషం చెప్పమంటారు. ఆ భాగించే సంఖ్యనే మాడ్ అంటారు. కొన్నేళ్లుగా ఆ చోట 998244353 కూడా బాగా కనిపిస్తోంది, ముఖ్యంగా జపాన్ వాళ్ల పోటీల సైటు ఆట్‌కోడర్‌లో. మొదటిది గుండ్రంగా ఉంటుంది, రెండోది ఎవరిదో ఫోన్ నంబర్‌లా ఉంటుంది. రెండూ ప్రధాన సంఖ్యలే కాబట్టి సున్నా తప్ప ప్రతి శేషానికీ ఇన్వర్స్ (దాంతో గుణిస్తే శేషం 1 వచ్చే సంఖ్య) దొరుకుతుంది. రెండూ 2³⁰ కంటే చిన్నవి. రెండు శేషాల మొత్తం 32 బిట్లలో, లబ్ధం 64 బిట్లలో పట్టేస్తాయి. ఇంతవరకు దొందూ దొందే.

మాడ్‌లోంచి ఒకటి తీసేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. 998244352 అంటే 119 × 8388608, అంటే 7 × 17 × 2²³. బహుపదుల్ని వేగంగా గుణించే ఎన్‌టీటీ పద్ధతి పొడవును సగానికి సగం కోసుకుంటూ పోతుంది; ఒక్కో కోతకి ఆ ఒకటి తీసేసిన సంఖ్యలో ఒక్కో 2 ఉండాలి. రెండేసి లక్షల పదాలున్న రెండు బహుపదుల లబ్ధానికి 2¹⁹ పొడవు చాలు. ఇక్కడ 23 దాకా ఉంది, ఢోకా లేదు. అదే వంద కోట్ల ఏడులో ఒకటి తీస్తే 2 × 500000003. ఆ రెండోది ప్రధాన సంఖ్య, ఇక కోయడానికి ఏమీ లేదు. వేరే మూడు మాడ్‌లతో చేసి, ఆ శేషాల నుంచి అసలు సంఖ్యని తేల్చే చైనీస్ శేష సిద్ధాంతంతో అతికించుకోవాలి. కోడూ పెరుగుతుంది, టైమూ పెరుగుతుంది.

అయితే 2లు తక్కువుండడమే ఒక్కోసారి లాభం. 1000000007ని 4తో భాగిస్తే 3 మిగులుతుంది. అందుకే వర్గమూలం ఉన్న ఏ శేషాన్నైనా 250000002 ఘాతానికి పెంచితే చాలు, మూలం వచ్చేస్తుంది. ఒక్క లైను. 998244353కి టొనెల్లీ-షాంక్స్ లాంటి పొడవాటి వర్గమూల పద్ధతి మొత్తం రాయాలి.

డీబగ్ చేసేటప్పుడు కూడా పాతదే నయం. జవాబు అర అయితే 500000004 (అంటే 2కి ఇన్వర్స్) వస్తుంది, చూడగానే తెలిసిపోతుంది. కొత్తదాంట్లో 499122177 వస్తే ఎవరికి అర్థమవుతుంది? పైగా 3 బదులు 8 పడి 998244853 అయిందనుకోండి, అదీ ప్రధాన సంఖ్యే! ఇన్వర్స్‌లు చక్కగా పనిచేస్తాయి, చిన్న శాంపిల్స్ పాసవుతాయి, పెద్ద టెస్టుల్లో మాత్రం రాంగ్ ఆన్సర్. చేత్తో కొట్టకండి, కాపీ చేసుకోండి.

ప్రశ్న తయారుచేసేవాళ్లయితే నా ఓటు 998244353కే, అదీ ప్రతి ప్రశ్నకీ. ఎన్‌టీటీ అవసరమైన చోట మాత్రమే వాడితే మాడ్ చూసే సగం జవాబు పట్టేస్తారు.

స్ట్రింగ్ హాషింగ్‌కి (అక్షరాల వరుసని హాష్ అనే ఒక్క సంఖ్యగా మార్చి పోల్చడానికి) మాత్రం రెండూ వద్దు. 37 వేల స్ట్రింగులు పోగైతే చాలు, ఏవో రెండింటికి ఒకే హాష్ వచ్చే అవకాశం దాదాపు సగం. అక్కడ 2⁶¹ − 1 వాడండి, బేస్ (ఒక్కో అక్షరం చేర్చేటప్పుడు గుణించే సంఖ్య) రాండమ్‌గా తీసుకోండి. గుణకారానికి 128 బిట్లు కావాలి గానీ, శేషం షిఫ్ట్, కూడికలతోనే తేలిపోతుంది; భాగహారంతో పనే లేదు.