క్రైమ్ సీన్ ట్రైనింగ్‌కి వెళ్ళొచ్చాం, ఎలా ఉందో చెప్తా

పోలీస్ స్టేషన్ నుంచి ట్రైనింగ్‌కి పంపుతున్నారంటే మళ్ళీ అదే ప్రొజెక్టర్ అవే స్లైడ్లు వెనక వరసలో కునుకుపాట్లు అనుకునే వెళ్ళాం అందరం. ఇది అలా లేదు. మొదటి పూట మాత్రం క్లాసు చెప్పారు, ఎడ్మండ్ లోకార్డ్ అనే ఫోరెన్సిక్ నిపుణుడు 1910లో ఫ్రాన్స్‌లోని లియాన్‌లో రెండు గదుల్లో క్రైమ్ ల్యాబ్ మొదలుపెట్టడం, ఎవడు ఎక్కడికెళ్ళినా ఏదో ఒకటి వదిలేస్తాడు ఏదో ఒకటి అంటించుకుపోతాడు అన్న ఆయన సూత్రం, ఇవన్నీ మనకి తెలిసినవే. "వదిలేసేది నేరస్తుడొక్కడే కాదు, ముందొచ్చిన మీరు కూడా" అని ఇన్‌స్ట్రక్టర్ అన్నాక మాత్రం అందరూ నిటారుగా కూర్చున్నారు.

తర్వాత అంతా చేతి పనే. ఒక ఇంటిని సీన్‌లా తయారు చేశారు, డమ్మీ బాడీ, పడిపోయిన కుర్చీ, గోడ మీద నకిలీ రక్తం, మంచం కింద ఫోను. గుమ్మం దగ్గర లాగ్ రాయడానికి ఒక కానిస్టేబుల్‌ని పెట్టారు. మేం లోపల పనిలో ఉండగా ఇన్‌స్ట్రక్టర్లలోనే ఒకాయన పెద్దాఫీసర్ వేషంలో వచ్చి "నేనెవరో తెలుసా, పక్కకి జరుగు" అని నేరుగా లోపలికి నడిచాడు, మనవాడు ఠక్కున సెల్యూట్ కొట్టి దారిచ్చేశాడు. అసలు పరీక్ష అదే అంట. ఎంత పెద్దవాళ్ళొచ్చినా పేరు, టైము, ఎందుకొచ్చారో రాయించుకుని, లోపలికి పోవాల్సిన పని లేకపోతే మర్యాదగా బయటే ఆపాలి. చెప్పడం తేలికే, నిజంగా సార్ వస్తే ఎవడు ఆపుతాడో చూడాలి!

ఫోటోల దగ్గర చాలాసేపు పట్టింది, విసుగొచ్చింది కూడా, కానీ పట్టాల్సిందే. ముందు గది నాలుగు మూలల నుంచి, తర్వాత వస్తువు ఎక్కడుందో తెలిసేలా కొంచెం దూరం నుంచి, ఆ తర్వాత దగ్గరగా, అది కూడా స్కేలు లేకుండా ఒకటి స్కేలు పెట్టి ఒకటి, కెమెరా వస్తువుకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. ఏటవాలుగా తీస్తే కొలతలు తప్పుతాయి, ఆ ఫోటోతో అడుగుజాడ పోల్చడం కష్టం.

నాకు బాగా నచ్చింది టార్చి పని. లైట్లన్నీ ఆర్పేసి టార్చిని నేలకి దాదాపు ఆనించి పక్కనుంచి వేస్తే, అప్పటిదాకా ఏమీ లేదనుకున్న గచ్చు మీద దుమ్ములో చెప్పు గుర్తులు ఒక్కసారిగా లేచి కనబడ్డాయి. దీనికి పెద్ద పరికరం ఏం అక్కర్లేదు, ఏ స్టేషన్‌లోనైనా చేసుకోవచ్చు. వేలిముద్రల పౌడర్‌కి మాత్రం చెయ్యి తిరగాలి, బ్రష్ కొసతో తేలిగ్గా తిప్పాలి, రెండుసార్లు ఎక్కువ రుద్దితే గీతలు పోయి మసి మిగులుతుంది. కాగితం మీద ముద్రలకి నిన్‌హైడ్రిన్ అనే రసాయనం, పాలిథిన్ కవర్లకి సూపర్ గ్లూ పొగ పెట్టి చూపించారు.

ల్యూమినాల్ (రక్తం ఆనవాళ్ళు వెతకడానికి చల్లే రసాయనం) రోజు మాత్రం భలే ఆట ఆడించారు. చీకట్లో స్ప్రే చేస్తే గచ్చు మీద రెండు చోట్ల నీలంగా వెలిగింది, అందరూ రక్తం రక్తం అని అరిచారు. లైటేశాక చెప్పారు, ఒకచోట రక్తం, రెండోచోట బ్లీచింగ్‌తో తుడిచిన నేల. రాగి తగిలినా అలాగే మెరుస్తుందంట. అంటే వెలుగు చూసి రిపోర్టులో రక్తం అని రాసేయకూడదు, రక్తం కావచ్చు అనే రాయాలి, తేల్చేది ల్యాబే. గోడ మీద రక్తం చుక్కలు ఏ కోణంలో వచ్చి తగిలాయో లెక్క కూడా చేయించారు, చుక్క వెడల్పు 5 మిల్లీమీటర్లు పొడవు 10 అయితే భాగిస్తే 0.5, సైన్ విలువ 0.5 ఉండేది 30 డిగ్రీలకి, అంటే చుక్క 30 డిగ్రీల కోణంలో వచ్చి తగిలిందన్నమాట. లెక్కలంటే పారిపోయే మావాళ్ళు కూడా ఆ కోణంలో దారాలు కట్టి రక్తం ఎక్కణ్ణుంచి చిమ్మిందో చూసుకున్నారు.

ప్యాకింగ్ గురించి ఒక్క మాట. రక్తం తడిసిన బట్టని పాలిథిన్ కవర్లో పెడితే బూజు పట్టి డీఎన్ఏ పాడైపోతుంది, ఆరబెట్టి కాగితం కవర్లోనే పెట్టాలి, ఒక్కో వస్తువు విడిగా, మధ్యలో గ్లవ్స్ మార్చాలి. తగలబడిన చోట తీసిన బూడిద దీనికి పూర్తిగా రివర్స్, గాలి చొరబడని డబ్బాలో పెట్టకపోతే పెట్రోలు ఆవిరి ఎగిరిపోతుంది. ఇవన్నీ ఎందుకో ఆఖర్లో పెట్టిన ఉత్తుత్తి కోర్టులో తెలిసింది. డిఫెన్స్ లాయరుగా నిలబడ్డాయన రక్తం జోలికే పోలేదు, ప్యాకెట్ మీద సీలు నంబరు ఇది, మీ ఫారంలో వేరే ఉంది, రాత్రంతా ఈ ప్యాకెట్ ఎవరి దగ్గరుంది అని అడిగాడు అంతే, మా బ్యాచ్‌లో బాగా మాట్లాడేవాడికి కూడా నోట మాట రాలేదు.

ఇక లోపాలు. బ్యాచ్ మరీ పెద్దది, బ్రష్ పట్టుకునేది ఇద్దరు ముగ్గురు, మిగతావాళ్ళు భుజాల మీంచి తొంగి చూడ్డమే. సీన్ మొత్తం ఇంట్లోనే, అదీ పగలే. రాత్రిపూట, వానలో, చుట్టూ జనం ఫోన్లెత్తి వీడియోలు తీస్తుంటే ఏం చెయ్యాలో చేయించలేదు, మాకు నిజంగా ఎదురయ్యేది అదే. మంచం కింద ఫోను ఉందన్నానే, దాన్ని సిగ్నల్ అందని కవర్లో పెట్టాలని ఒక ముక్క చెప్పి వదిలేశారు. ఈ రోజుల్లో సగం కేసు ఫోన్లోనే ఉంటుంది, దానికి కనీసం ఒక పూట ఇవ్వాలి కదా. అక్కడ చూపించిన కిట్ కూడా మా స్టేషన్‌లో లేదు, అది వాళ్ళ తప్పు కాదులే.

ఇంకోటి, దీనికి ఎక్కువగా పంపేది దర్యాప్తు ఆఫీసర్లని. వాళ్ళొచ్చేసరికి సీన్‌లో జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. మొదట వెళ్ళేది బీట్‌లో ఉన్న కానిస్టేబుల్, తలుపు తోసేది అతను, లైటు స్విచ్ వేసేది అతను, జనాన్ని తోలేది అతను. నన్నడిగితే ముందు వాళ్ళని పంపండి, ఆఫీసర్లు తర్వాత బ్యాచ్‌లో వెళ్ళొచ్చు.

అవకాశం వస్తే మాత్రం వదులుకోకండి, బ్రష్ పట్టుకోవాలంటే ముందు వరసలో నిలబడండి. పాత బట్టలు వేసుకెళ్ళండి, ఆ నల్ల పౌడర్ ఉతికినా ఓ పట్టాన వదలదు.