పిక్కలు పట్టేసేవాళ్లకు అటోర్వాస్టాటిన్ 40: గోలీ మంచిదే, అట్ట మీది అంకె చూసుకోండి

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో జనరిక్ మందుల షాపుల్లో దొరికే అటోర్వాస్టాటిన్ 40 మిల్లీగ్రాముల గోలీ గురించి ఇది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ రకం మందు ఇది. కాళ్ల రక్తనాళాలు పూడుకుపోయినవాళ్లకు ఎంత పనికొస్తుందన్నదే ఇక్కడి లెక్క.

కొంతదూరం నడవగానే పిక్కలు పట్టేసి, ఆగితే నాలుగైదు నిమిషాల్లో సర్దుకునే నొప్పిని మన దిక్కు ఫ్లోరైడ్ నొప్పి అనో, నరాల బలహీనత అనో ఏళ్ల తరబడి భరిస్తారు. కానీ అది కాలి నాళం పూడటం వల్ల కావచ్చు. చీలమండ దగ్గరి బీపీని చేతి బీపీతో భాగిస్తే 0.90 లేదా అంతకన్నా తక్కువ వస్తే నాళం పూడినట్టే. షుగర్ ముదిరినవాళ్లలో నాళాలు గట్టిపడి ఈ అంకె మోసం చేస్తుంది, వాళ్లకు కాలి బొటనవేలి దగ్గర ప్రెషర్ కొలవాలి.

ఈ గోలీ నొప్పి మందు కాదు. వారం వేసుకుని "కాలు తగ్గలేదు" అని మానేసేవాళ్లే ఎక్కువ, అదే మా బాధ. ఇది కాపాడేది గుండెపోటు, పక్షవాతం నుంచి. 2002లో వెలువడిన హార్ట్ ప్రొటెక్షన్ స్టడీ అనే పెద్ద పరిశోధనలో కాలి నాళాల జబ్బున్నవాళ్లు 6,748 మంది. కొలెస్ట్రాల్ తక్కువున్నవాళ్లకూ స్టాటిన్ మేలు చేసింది. కాబట్టి రిపోర్టు నార్మల్ అని ఆపొద్దు. నడక పెరగాలంటే రోజూ నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. బీడీ, చుట్ట పూర్తిగా మానాలి.

అసలు చిక్కు కలగలుపు క్యాప్సూల్‌తో. ఆస్పిరిన్ 75, క్లోపిడోగ్రెల్ 75తో కలిపి ఇచ్చేవాటిలో చాలావరకు అటోర్వా 10 లేదా 20 మాత్రమే ఉంటుంది. ఈ జబ్బుకు కావాల్సింది 40 లేదా 80. రెండు క్యాప్సూళ్లు వేసుకుంటే రక్తం పలచబరిచే మందులూ రెట్టింపై రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. విడి గోలీగా తీసుకోవడమే మేలు, పైగా బ్రాండ్ కంటే చాలా చవక. రోజులో ఏ వేళైనా వేసుకోవచ్చు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకూ దీని మోతాదు మార్చక్కర్లేదు, ఇదే రకం మరో మందు రోసువాస్టాటిన్‌కు మాత్రం కిడ్నీ బాగా దెబ్బతింటే తగ్గించాలి.

మొదలుపెట్టాక 4 నుంచి 12 వారాల్లో ఎల్‌డీఎల్ (చెడు కొలెస్ట్రాల్) చూపించుకోండి. మొదటి అంకెలో సగమైనా తగ్గాలి. తగ్గకపోతే డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే మరో మందు ఎజిటిమైబ్ 10 కలుపుతారు.

రెండు తొడలూ కూర్చున్నా నొప్పిగా ఉంటే అది గోలీ వల్ల కావచ్చు, కండరాలు దెబ్బతిన్నాయేమో చెప్పే సీపీకే రక్త పరీక్ష చేయించాలి. మూత్రం బ్లాక్ టీ రంగులో వస్తే గోలీ ఆపి వెంటనే ఆసుపత్రికి పోవాలి. దగ్గుకు క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ రాస్తే ఈ గోలీ వాడుతున్నట్టు డాక్టరుకు చెప్పండి, రెండూ కలిస్తే కండరాలు దెబ్బతినే ముప్పు ఎక్కువ. షాపులో అదే కంపెనీ లేకపోతే ఫర్వాలేదు, పేరూ మిల్లీగ్రాములూ అవే ఉంటే తీసుకోండి.