నత్తల మీద పడ్డ ట్రౌట్‌కి బ్లాక్ అండ్ పీకాక్ స్పైడర్: కొన్ని వేసవులు వాడాక

బ్లాక్ అండ్ పీకాక్ స్పైడర్ ఒక ఫ్లై, అంటే ట్రౌట్ చేపల్ని పట్టడానికి కొక్కెం మీద ఈకలు, దారం చుట్టి కట్టే నకిలీ ఎర. దీని మీద నాకున్న ఇష్టమంతా ఒక్క గుణం వల్లే. నీళ్లలో పడ్డాక ఇది ఏమీ చేయదు. తోక ఆడించదు, తళుక్కుమనదు. నీటి పైపొర కిందే కాసేపు వేలాడి, తర్వాత తీరిగ్గా కిందికి దిగుతుంది. నత్త చేసేదీ అంతే కదా. ట్రౌట్ నత్తలు తప్ప ఇంకేమీ ముట్టని సాయంత్రాల్లో ఇంత నమ్మకంగా నోట పెట్టుకునే ఫ్లై నా పెట్టెలో ఇంకోటి లేదు.

రాడ్డు, లైను, విసరడం జోలికి వెళ్లను, అవి తెలిసినవే. 1950ల్లో ఇంగ్లండ్‌లో టి. సి. ఐవెన్స్ ప్రచారంలోకి తెచ్చిన ఫ్లై ఇది. బొద్దుగా దారం చుట్టిన ఒంటి మీద నెమలి ఈక పోగులు, మెడ దగ్గర నల్ల పెట్ట ఈక ఒకటి రెండు చుట్లు, అంతే. పెట్ట ఈకే వాడాలి. పుంజు ఈక బిరుసుగా ఉండి ఫ్లైని తేల్చేస్తుంది. నాకు తార్నాకలో మా వీధి చికెన్ షాపు అతను నల్ల నాటుకోడి మెడ ఈకలు పక్కన పెట్టి ఇస్తాడు.

ఇది ఎందుకు పనిచేస్తుందో నాకు మా డాబా మీద కలువ తొట్టి నేర్పింది. నర్సరీ నుంచి మొక్కతో పాటు చిన్న నత్తలు కూడా వచ్చాయి. గాలి ఆడని ఉక్క సాయంత్రాల్లో అవి పైకి వచ్చి, తలకిందులుగా, పాదం నీటి పైపొరకు ఆనించి, గుల్ల కిందికి వేలాడేసి పాకుతాయి. ఇలాంటి నత్తలు ఊపిరితిత్తితో గాలి పీలుస్తాయి, పైకి రాక తప్పదు. రెండింటిని గాజు సీసాలో వేసి, పక్కనే ఫ్లై వదిలి, సీసాను కళ్లకు పైన పట్టుకుని చూశాను. పైనుంచి చూస్తే నత్తకీ దీనికీ ఏ పోలికా లేదు. కింద నుంచి, వెలుతురుకు ఎదురుగా చూస్తే మాత్రం రెండూ ఒకే నల్లటి గుండ్రటి ముద్ద. చేప చూసేది అక్కణ్నుంచే.

ఇక అసలు సంగతి. మా అక్కా బావా ఐర్లండ్‌లో స్లైగోలో ఉంటారు. అక్కడికి దగ్గర్లోనే లాక్ మెల్విన్ అనే పెద్ద సరస్సు ఉంది, ఎక్కువ భాగం లీట్రిమ్ కౌంటీ వైపు, కొంత ఫెర్మనా కౌంటీ వైపు. అందులో బ్రౌన్ ట్రౌట్ మూడు రకాలు. నడిమధ్య నీళ్లలో సన్నటి తేలే జీవాల్ని తినేది సోనహన్, చేపల్ని తినేది ఫెరాక్స్, ఒడ్డు దగ్గరి లోతు తక్కువ నీళ్లలో నత్తల్ని, పురుగుల్ని ఏరుకు తినేది గిల్లారూ. ఈ మూడూ ఒకే సరస్సులో ఉంటూనే వేర్వేరుగా గుడ్లు పెడతాయని బెల్‌ఫాస్ట్ క్వీన్స్ యూనివర్సిటీలో ఆండ్రూ ఫెర్గూసన్, ఆయన తోటివాళ్లు జన్యు పరీక్షలతో చూపించారు.

జులై సాయంత్రం. రాత్రి తొమ్మిదికీ వెలుతురు ఉంది, నీరు కదలడం లేదు. చుట్టూ చేపలు లేస్తున్నాయి. చప్పుడు లేదు, ముక్కు, వీపు, తోక, ఆ వరసలో మెల్లగా కనిపించి మాయమవుతున్నాయి. ముందురోజు చేపలు బాగా పడ్డ సెడ్జ్ ఫ్లై (రెక్కల పురుగులా కట్టేది) వైపు ఒక్కటీ చూడలేదు. బావ చిన్న నల్ల దోమ ఫ్లై వేశాడు, దాన్నీ వదిలేశాయి. అప్పుడు పడవ పక్కన నీళ్లలోకి వంగి చూస్తే నత్తలు! మా తొట్టిలో చూసినట్టే తలకిందులుగా, గాలివాటున ఒడ్డు వైపు కొట్టుకుపోతున్నాయి.

స్పైడర్ కట్టి, లీడర్ (లైను చివర ఫ్లై కట్టే సన్న దారం) కొసకు జిడ్డు లేకుండా తుడిచి, లేస్తున్న చేపలకు కాస్త ముందుగా వేశాను. "లాగవేంట్రా?" అన్నాడు బావ. "ఆగు బావా" అన్నాను. లైన్ కొస మిల్లీమీటర్ కూడా కదలకుండా ఉంచడం ఎంత టెన్షనో చేసినవాళ్లకే తెలుస్తుంది. కొస కొంచెం పక్కకు జరిగింది, అంతే. రాడ్డు ఎత్తేసరికి బరువు తగిలింది. బంగారు రంగు పక్కలు, ఎర్రటి చుక్కలు, గిల్లారూనే. చేతిలో పట్టుకుంటే పొట్టలో గుల్లలు కరకరలాడాయి. చీకటి పడేలోపు ఇంకా పడ్డాయి, అన్నీ అలాగే, అంత నెమ్మదిగా. కూరకని ఒకటి ఉంచుకుని మిగతావి వదిలేశాం. అది కోసినప్పుడు అక్క పొట్ట సంచిని వేళ్లతో నొక్కి చూసి, "ఇది కోడి కందనకాయలా ఉందేంట్రా!" అంది. నిజంగానే గోడ అంత మందం. గిల్లారూ ప్రసిద్ధి చెందిందే ఆ మందపాటి పొట్ట వల్ల.

నెమలి పోగులు మాత్రం ఏడిపిస్తాయి. రెండో చేప పళ్లకే తెగి వేలాడతాయి, దుకాణంలో కొన్నవైతే మరీ. సన్న రాగి తీగ చుడితే ఆగుతాయి గానీ ఆ బరువుకు ఫ్లై త్వరగా మునిగిపోతుంది, దాంతో నాకు నచ్చిన గుణమే పోతుంది. నేను పోగుల్ని నల్ల దారంతో కలిపి మెలిపెట్టి చుడుతున్నాను. కొంత నయం.

గాలి లేచి అలలు పడితే దీన్ని నేను నమ్ముకోను. నత్తలు సరిగ్గా పైపొర మీదే ఉండి, చేప అక్కడి నుంచి కిందికి చూడకపోతే, జింక వెంట్రుకతో కట్టిన తేలే నత్త ఫ్లై దీనికంటే మెరుగ్గా పడుతుంది. అది గత వేసవిలో ఒప్పుకోక తప్పలేదు. హిమాచల్‌లో తీర్థన్ లాంటి దూకే కొండ నదుల్లోనూ వేశాను, ఒకటీ అరా పడ్డాయి, కానీ అక్కడ అవి నత్త అనుకుని తిన్నాయని చెప్పలేను.

ఇంకో మాట. రాలిన నెమలి ఈకలు మన దగ్గర కొనుక్కోవచ్చు, దేశం దాటించడానికి మాత్రం చట్టం ఒప్పుకోదు. అందుకే ఇక్కడ కట్టినవి తొట్టి ప్రయోగాలకీ తీర్థన్‌కీ. స్లైగోకి వెళ్తే అక్కడే సామాను కొని, అక్క వంటింటి బల్ల మీద కట్టుకుంటాను.

ఏటా వేసవిలో నిలకడ నీటి సరస్సు దొరికే అదృష్టం నాకుంది కాబట్టి ఇంత రాశాను. హైదరాబాద్ నుంచి ఏడాదికోసారి కొండల్లో ఏటి ట్రౌట్‌కే వెళ్లేవాళ్లయితే ఒకటి రెండు చాలు. సరస్సుకు వెళ్తుంటే 10, 12, 14 నంబరు కొక్కేల మీద కట్టినవి తలా రెండు పెట్టుకోండి. నాకు ఎక్కువగా పడేది 12 మీదే.